తిప్పి చూడని అరికాలు

తెలుగునాట పదో తరగతి గట్టెక్కిన ప్రతివారి దగ్గరా పుట్టుమచ్చల గురించి ఒక ప్రభుత్వ పత్రం ఉంటుంది. ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాల దగ్గర రెండు మచ్చలు రాసి ఉంటాయి. కుడి చెంప మీద ఒకటి, ఎడమ ముంజేతి మీద ఒకటి, ఇలాంటివే ఏవో రెండు. తిరువూరులో చదివినా, గంపలగూడెంలో చదివినా ఇదే తంతు. పైకి కనిపించేవాటిలోంచి రెండు ఎంచి రాసేస్తారు. చెప్పు విప్పి అరికాలు చూపించమని ఏ మాస్టారూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. ఆనవాలుకు కావాల్సింది కనిపించే మచ్చే కదా. చిక్కు ఎక్కడంటే, పెద్దయ్యాక ఆరోగ్యం సంగతి వచ్చినప్పుడు కూడా మనం ఆ రెండు మచ్చల దగ్గరే ఆగిపోతున్నాం. ముక్కు పక్కన చిన్నప్పటి నుంచీ ఉన్న మచ్చను అద్దంలో పదిసార్లు చూసుకుని దిగులుపడతాం. మడమ పక్కన నిరుడు వచ్చిన మచ్చ మాత్రం మన కంటపడదు. మన చర్మానికి సంబంధించినంత వరకు మచ్చలు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద లెక్క కాదని, ఎక్కడ ఉన్నాయి, ఎప్పుడు వచ్చాయి, ఆ తర్వాత మారాయా అన్న మూడు ప్రశ్నలే అసలు లెక్క అని ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నాను.

ముందు మాట దగ్గరే జాగ్రత్త పడాలి. పుట్టుమచ్చ అంటే పుట్టుకతో వచ్చిందని మన నమ్మకం. నిజానికి మచ్చతో పుట్టే పిల్లలు నూటికి ఒకరు. మిగతావాళ్లకు నడకలు నేర్చాక ఒకటీ ఒకటీ మొదలై, పాతికా ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా వస్తూనే ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి రావడం తగ్గుతుంది, వయసు మళ్లాక ఉన్నవే కొన్ని వెలిసిపోతాయి. కాబట్టి యాభై అయిదేళ్ల మనిషికి అరికాలిలో కొత్తగా ఒక నల్లమచ్చ కనిపిస్తే, దాన్ని పుట్టుమచ్చ అని పిలవడంతోనే పొరపాటు మొదలవుతుంది. ఆ పేరు పెట్టగానే అది ఎప్పటి నుంచో ఉన్నదిలే అన్న ధైర్యం కూడా వచ్చేస్తుంది. దానికి తోడు మన పుట్టుమచ్చల శాస్త్రం ఉండనే ఉంది. మగవాళ్లకు కుడివైపు మంచిది, ఆడవాళ్లకు ఎడమవైపు మంచిది, అరికాల్లో ఉంటే ప్రయాణయోగం. ఆ నమ్మకాల జోలికి నేను పోవడం లేదు, ఎవరి నమ్మకం వారిది. కానీ యాభై దాటాక అరికాల్లో వచ్చిన మచ్చకు మాత్రం యోగం చూడకండి, డాక్టరుకు చూపించండి.

మచ్చలకూ చర్మ క్యాన్సర్‌కూ సంబంధం లేదని అనడం లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. అవి ఒకచోట గుంపుగా చేరితే మచ్చ, అదుపు తప్పి పెరిగితే మెలనోమా. రెండూ ఒకే కణాల నుంచి పుడతాయి కాబట్టి, తెల్ల చర్మం వాళ్ల మీద మచ్చలను లెక్కపెట్టిన పరిశోధనలు చాలా జరిగాయి. 2005లో అలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, పదిహేను లోపు మచ్చలున్నవారి కన్నా నూరు దాటి ఉన్నవారికి మెలనోమా ముప్పు సుమారు ఏడు రెట్లని తేలింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ వాళ్లు 2015లో వేలమంది కవల ఆడవాళ్లను పరీక్షించి, ఒళ్లంతా లెక్కపెట్టక్కర్లేదు, కుడిచేయి చాలన్నారు. ఆ ఒక్క చేతి మీదే పదకొండుకు మించి ఉంటే ఒంటి మొత్తం మీద నూరు దాటి ఉండవచ్చునని వాళ్ల లెక్క. తెల్లవాళ్లలోనే ఇంకో తేడా కూడా ఉంది. మచ్చలు ఎక్కువున్నవారికి మెలనోమా వీపు మీద, ఛాతీ మీద వస్తుంది. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసినవారికి మొహం మీద, మెడ మీద వస్తుంది. ఒళ్లు ఒకటే అయినా జబ్బుకు దారులు వేరు. అందుకే డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో పిల్లలు వాట్సాప్‌లో పంపే మచ్చల బొమ్మల పాఠం తప్పు కాదు. ఆకారం రెండువైపులా సరిసమానంగా లేకపోవడం, అంచు గీరుకుపోయి ఉండడం, రంగులు కలగలిసి ఉండడం, పెన్సిలు చివర కన్నా వెడల్పుగా ఉండడం, ఈ నాలుగు గుర్తులను 1985లో న్యూయార్క్ డాక్టర్లు వాళ్ల రోగులను చూసి కూర్చారు. ఆ రోగులు ఎక్కువమంది తెల్లవాళ్లు.

మన సంగతి వేరు. చర్మంలో నల్లరంగు ఎంత ఎక్కువగా ఉంటే అతినీలలోహిత కిరణాలు లోపలికి అంత తక్కువగా దిగుతాయి. ఆ రంగు మనకు పుట్టుకతో వచ్చిన గొడుగు. ఆస్ట్రేలియాలో ఏడాదికి లక్షమందిలో ముప్ఫై అయిదు మందికి పైగా మెలనోమా బారిన పడుతుంటే, మన దేశంలో ఆ సంఖ్య లక్షకు ఒకటైనా లేదు. రోహిణి ఎండలో తిరువూరు మామిడితోటల్లో కాయ కోసే మనిషికి వడదెబ్బ భయం ఉంది గానీ, ఆ ఎండ వల్ల మెలనోమా వస్తుందన్న భయం దాదాపు లేదు. కాయ తుంచినప్పుడు సొన చింది చేతుల మీద, మొహం మీద కాలిన నల్లమచ్చలు పడతాయి చూశారా, అవి చర్మం మంట తగ్గాక మిగిలిన చారలు. నెలల్లో పలచబడతాయి. నలభై దాటాక చెంపల మీద, కళ్ల కింద ఆవగింజలు చల్లినట్టు నల్లగా చిన్నచిన్న పొక్కులు వస్తాయి. తల్లికి ఉంటే కూతురికీ వస్తాయి. వాటితో ప్రమాదం లేదు. ఇంతవరకూ అంతా ధైర్యం చెప్పే మాటే.

గొడుగు ఉన్నది ఎండను ఆపడానికి. ఎండతో పనిలేకుండా వచ్చే మెలనోమా ఒకటుంది, దాని ముందు గొడుగు పనిచేయదు. అది అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద పుడుతుంది. ఇంగ్లిషులో దాన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ అది ఇంచుమించు ఒకే మోతాదులో వస్తుంది. మిగతా రకాలు మనకు అరుదు కాబట్టి, మనలో వచ్చే మెలనోమాల్లో దీని వాటా పెద్దది. మన దేశంలోని ఆసుపత్రుల లెక్కల్లో చర్మపు మెలనోమాకు మొదటి చోటు పాదమే. కారణం వెతికితే ఎండ దగ్గర కాదు, బరువు దగ్గర ఆనవాలు దొరికింది. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయం డాక్టర్లు 2016లో అరికాలి మెలనోమాలు ఎక్కడెక్కడ వచ్చాయో పాదం బొమ్మ మీద గుర్తులు పెట్టి చూశారు. మడమ, వేళ్ల మొదళ్లు, పాదం బయటి అంచు, అంటే నిలబడితే నేలకు ఆనే చోట్లలోనే ఎక్కువ కనిపించాయి. నేలకు తగలని పాదం వంపులో తక్కువ. మామూలు మచ్చలు మాత్రం అలా ఒకచోట పోగుపడలేదు. దీన్నిబట్టి చెప్పుల్లేకుండా నడిస్తే మెలనోమా వస్తుందని తేల్చలేం, ఆ మాట ఆ పరిశోధకులు కూడా అనలేదు. పొలంలో చెప్పులేసుకోవడానికి ముళ్లు, పాములు, గాజుపెంకులు చాలినన్ని కారణాలు. ఎక్కడ చూడాలో మాత్రం ఈ బొమ్మ చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. మన ప్రాంతంలో మిరప వేసేవారికి బోదెలూ కాలువలూ తెలుసు. అరికాలి చర్మం కూడా అచ్చం అలాగే ఉంటుంది. వేలిముద్రలో కనిపించే సన్నటి గీతల్లో ఎత్తుగా ఉన్నవి బోదెలు, మధ్యన పల్లంగా ఉన్నవి కాలువలు. మామూలు మచ్చ అయితే నలుపు ఎక్కువగా కాలువల్లో నిలుస్తుంది, నీరు పెట్టిన చేను పైనుంచి చూసినట్టు సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. మెలనోమా అయితే నలుపు బోదెల మీదికి ఎక్కుతుంది. తోషియాకి సైదా అనే జపాన్ డాక్టరు బృందం దీన్ని పట్టుకుంది. చర్మ వైద్యుడి దగ్గర డెర్మోస్కోప్ అని చేతిలో ఇమిడే భూతద్దం లాంటిది ఉంటుంది. నొప్పి లేదు, సూది లేదు, నిమిషం పని. దానితో ఈ తేడా కనిపెట్టేస్తారు. మన కంటితో మనం చూసి తేల్చుకునే విషయం కాదిది. కానీ డాక్టరు దగ్గరికి వెళితే కోసేస్తారేమోనన్న భయం ఉన్నవారు ముందు జరిగేది ఇంతేనని తెలుసుకుంటే చాలు. అరికాలి మచ్చ కందిగింజ కన్నా వెడల్పుగా, సుమారు 7 మిల్లీమీటర్లు దాటి ఉంటే, ఎప్పటి నుంచో ఉన్నదైనా సరే ఒకసారి ఈ అద్దం కింద పెట్టించాలి.

‘నొప్పి లేదు కదా, ఎందుకు చూపించుకోవడం’ అన్నది మొదటి అభ్యంతరం. మన ఊళ్లలో డాక్టరు దగ్గరికి నడిపించేది నొప్పి ఒక్కటే. మెలనోమాకు మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బు ఎంత లోతుకు పోగలదో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా పనిచేసి, డయాలసిస్ దాకా వచ్చాక గానీ బయటపడని ఇళ్లు ఎన్నో. పాదం సంగతిలో ఇంకో కష్టం కూడా ఉంది. అక్కడ వచ్చే దేనికైనా మన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. తుమ్మముల్లు గుచ్చుకుందంటాం, ఆనెకాయ అంటాం, చెప్పు కరిచిందంటాం, షుగరు ఉన్నవారైతే షుగర్ పుండు అంటాం. పదింట తొమ్మిదిసార్లు అది నిజమే కావచ్చు. ఆ పదోది మాత్రం ఆర్‌ఎంపీ దగ్గర కట్టు మీద కట్టు కట్టించుకుంటూ ఆరు నెలలు గడిపేస్తుంది. పైగా కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు, ఎర్రటి కండ పెరిగినట్టు ఉంటాయి. ఇంగ్లండు డాక్టర్లు 2010లో పాదాల కోసం విడిగా ఒక కొలత చెప్పారు. రంగు తేడాగా ఉండడం, అది ఏమిటో ఎవరూ తేల్చలేకపోవడం, రక్తం లేదా రసి కారడం, పెరుగుతుండడం, రెండు నెలలైనా మానకపోవడం. ఈ అయిదింటిలో రెండు ఉంటే పెద్ద డాక్టరుకు పంపాలన్నారు. మనకైతే ఇంకా తేలిక మాట చాలు. ముల్లు గుచ్చుకున్న పుండు రెండు నెలల్లో మానాలి. మానకపోతే అది ముల్లు పుండు కాదేమోనని అనుమానించాలి.

గోళ్ల విషయంలో మన ఆడవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే చర్మం మీది ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది గానీ, గోరు మీది ఎరుపు గోరుతోపాటు పెరిగి బయటికి వచ్చేదాకా ఉంటుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే పడుతుంది. ఆ ఎరుపు కింద ఒక నల్లగీత మొదలైతే కనిపించదు. గోరింటాకు మానమని చెప్పడం లేదు, అంత ముచ్చటైన పండగను ఎందుకు వదులుకోవాలి? ఆకు రుబ్బే ముందు ఇరవై గోళ్లూ ఒకసారి వెలుతురులో చూసుకుంటే సరిపోతుంది. మనలాంటి రంగువాళ్లకు గోళ్ల మీద సన్నటి నల్లగీతలు మామూలే. నాలుగైదు గోళ్లకు ఉంటే కంగారు పడక్కర్లేదు. ఒకే గోరుకు, అందులోనూ బొటనవేలికి, పెద్దయ్యాక కొత్తగా వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతూ, మొదట్లో లావుగా చివర సన్నగా ఉంటే అనుమానించాలి. నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే ఇక ఒక్కరోజు కూడా ఆగకూడదు. దెబ్బ తగిలి గోరు కింద రక్తం గడ్డకట్టింది అనుకుంటే పరీక్ష సులువు. రక్తపు గడ్డ గోరుతోపాటు ముందుకు జరుగుతుంది, వెనకాల తెల్లటి గోరు వస్తుంది. నెలలు గడిచినా అలా జరగకపోతే అది దెబ్బ కాదు. మన కుర్రాళ్ల టీషర్టుల మీద బొమ్మగా తెలిసిన జమైకా గాయకుడు బాబ్ మార్లే కుడికాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. వేలు తీయాలన్నా ఆయన ఒప్పుకోలేదు, గోరూ దాని కింది చర్మమూ మాత్రం తీశారు. 1981 మే 11న, ముప్ఫై ఆరేళ్లకే చనిపోయారు.

ఇంత అరుదైన జబ్బుకు ఊరందరినీ భయపెట్టడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అది గట్టి ప్రశ్నే. లక్షకు ఒకరికైనా రాని జబ్బు కోసం ఊరూరా శిబిరాలు పెట్టాలని నేనూ అనను. నేను అడుగుతున్నది శిబిరం కాదు, నెలకు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు దక్కేది కూడా ఒక్క మెలనోమా జాడే కాదు. షుగరు ఉన్నవారికి తిమ్మిరెక్కిన పాదంలో తెలియకుండా పడిన పుండు కనిపిస్తుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే కుష్ఠును మొదట్లోనే పట్టుకోవచ్చు. వేళ్ల సందుల్లో ఒరుపు తెలుస్తుంది. ఇక మెలనోమాకు ఆలస్యం చేసే నష్టం ఎంతో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా డాక్టరు 1970లోనే చూపించారు. మచ్చ ఎంత వెడల్పుగా ఉందన్నది కాదు, చర్మంలోకి ఎంత మందంగా దిగిందన్నది ముఖ్యం. 1 మిల్లీమీటరు లోపు ఉండగా కోసి తీసేస్తే నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్ల తర్వాతా బతికే ఉంటారు. 4 మిల్లీమీటర్లు దాటాక ఆ భరోసా బాగా పడిపోతుంది. బియ్యపుగింజ పొడవు కన్నా తక్కువ తేడాలో మనిషి బతుకు మారిపోతోంది. అరుదు అన్న మాట రానివారికి ఊరట. వచ్చినవారికి మాత్రం ఆ మాటే ఆలస్యానికి కారణమవుతోంది.

అయితే ముందుజాగ్రత్తగా ఉన్న మచ్చలన్నీ తీయించేసుకుంటే పోదా అనేవారూ ఉన్నారు. పోదు. చాలా పరిశోధనలను కలిపి 2017లో చూసినప్పుడు, మెలనోమాల్లో నూటికి డెబ్బై మామూలు చర్మం మీదే కొత్తగా పుట్టాయి, పాత మచ్చలోంచి వచ్చినవి ముప్ఫై లోపే. అమెరికా లెక్కల ప్రకారం నలభై లోపు వయసువారిలో ఒక మచ్చ ఏడాదిలో మెలనోమాగా మారే అవకాశం రెండు లక్షల్లో ఒకటి, మనకు అంతకన్నా తక్కువే ఉండాలి. మచ్చలో కణాలు కొంత పెరిగి, ఆ తర్వాత పెరగడం మానేసి నిద్రపోయినట్టు ఉండిపోతాయి. వాటిని కదిలించి సాధించేది లేదు. పుట్టుకతోనే జానెడు మేర పరుచుకున్న పెద్ద మచ్చలు మాత్రం వేరు, అలాంటి బిడ్డను చిన్నప్పటి నుంచే చర్మ వైద్యుడికి చూపిస్తూ ఉండాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది సున్నం, చాకలిసోడా కలిపి మచ్చ మీద పెట్టి కాల్చేసే అలవాటు. జీడిరసం పూయడం కూడా అంతే. మామూలు మచ్చ అయితే కాలిన గుర్తు మిగులుతుంది. మామూలుది కాకపోతే పైన మాడి, కింద జబ్బు బతికే ఉంటుంది, పైగా గుర్తుపట్టడానికి ఉన్న ఆధారమూ పోతుంది. పార్లర్లలో లేజర్‌తో తీయించినా ఇదే నష్టం, తీసింది ఏమిటో ఎవరూ పరీక్షించరు. తీయించాలనుకుంటే డాక్టరు చేతే తీయించి, తీసిన ముక్కను పరీక్షకు పంపించమని అడగండి.

ముక్క పరీక్ష అనగానే ఇంకో భయం ముందుకొస్తుంది. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం ఎలా పుట్టిందో ఆలోచిస్తే నమ్మినవారిని తప్పుపట్టాలనిపించదు. మనవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లేది గజ్జల్లో బిళ్ల కట్టాక. పాదంలోని మెలనోమా మొదట చేరే మజిలీ ఆ బిళ్లలే, అంటే అప్పటికే పాకింది. అప్పుడు ముక్క తీస్తారు, కొన్ని నెలలకు మనిషి పోతాడు. చూసినవాళ్లకు కత్తి ముందు, చావు తర్వాత కనిపిస్తాయి, ఆ ముందు జరిగినది కనిపించదు. ముక్క తీసి పరీక్షించినందువల్ల మెలనోమా రోగుల ఆయుష్షు తగ్గిందని పరిశోధనల్లో రుజువు కాలేదు. తీయకపోతే మందం తెలియదు, మందం తెలియకపోతే ఎంత మేర కోయాలో తెలియదు. అసలు ఈ జబ్బును నయం చేసేదే కత్తి, అదీ తొందరగా తగిలితే.

మచ్చలతో సంబంధం లేని చర్మ క్యాన్సర్ల గురించి ఒక్క మాట. మన దేశంలో మెలనోమా కన్నా ఎక్కువగా కనిపించేది ఏళ్ల తరబడి మానని పుండ్లలో, కాలిన మచ్చల్లో, ఒరిపిడి పడేచోట వచ్చే రకం. ముంబై టాటా మెమోరియల్‌లో పనిచేసిన డాక్టర్ ఖానోల్కర్ 1945లోనే పంచె బిగించి కట్టే నడుము చుట్టూ వచ్చే క్యాన్సర్‌ను వివరించారు. తర్వాత చీర కుచ్చిళ్ల నాడా దగ్గరా కనిపించింది. అందుకే నడుము దగ్గర నాడా కింద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంటే నాడా చోటు మార్చండి, అక్కడ పుండు పడి మానకపోతే చూపించండి. పుట్టుకతోనే చర్మానికి, జుట్టుకు రంగు లేనివారికి మాత్రం నేను పైన చెప్పిన గొడుగు లేదు. వారు ఎండలోకి వెళితే నిండు చేతుల చొక్కా, టోపీ తప్పనిసరి.

చూసే పద్ధతి ఇది. నెలకోసారి, తేదీ గుర్తుండేలా జీతం రోజో పింఛను రోజో పెట్టుకోండి. కాళ్లు కడుక్కుని తుడుచుకున్నాక, పసుపు రాయకముందు, మంచి వెలుతురులో కూర్చుని పాదం ఒళ్లోకి తీసుకుని తిప్పండి. మడమ, వేళ్ల మొదళ్లు, బయటి అంచు, వేళ్ల సందులు, మెట్టెల కింద, గోళ్లు, ఆ తర్వాత అరచేతులు. మచ్చ ఉంటే పక్కన స్కేలు పెట్టి సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి దాచండి, మూడు నెలలకు మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పెరిగితే, రంగు మారితే, రక్తం వస్తే మూడు నెలలు ఆగొద్దు. మొదట తిరువూరు ప్రభుత్వాసుపత్రిలో చూపించి, చర్మ విభాగానికి చీటీ రాయమని అడగండి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో చర్మ వైద్యులున్నారు. తిరువూరు నుంచి విజయవాడకు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. క్యాన్సర్ ఆపరేషన్లు ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉన్నాయి, కార్డు వెంట తీసుకెళ్లండి.

అరవై దాటినవారు వంగి తమ అరికాలు తామే చూసుకోలేరు, చూసుకున్నా చూపు ఆనదు. మోకాళ్ల నొప్పులతో మంచానికే పరిమితమైనవారి పాదాలు ఎవరూ చూడక ఏళ్లు గడిచిపోతాయి. ఈ పుస్తకం చదువుతున్నవారు ఈ రాత్రికే మీ అమ్మానాన్నల కాళ్లు ఒకసారి ఒళ్లో పెట్టుకుని, లైటు కింద తిప్పి చూడండి.